సమష్టి నిర్ణయము: కార్యాలయ సమావేశములపై ఒక సమీక్ష

ఒక్కొక్కరిని విడిగా పిలిచి అడిగినచో వివేకవంతమైన సమాధానము చెప్పగల పదిమంది, ఒక బల్ల చుట్టును చేరి కూర్చుండినంతనే, తమలో ఏ ఒక్కరును మనస్ఫూర్తిగా కోరని నిర్ణయమును ఏకగ్రీవముగ ఆమోదించి లేచిపోవుట మన కార్యాలయములలో అరుదైన సంగతి కాదు. వ్యక్తి చేసిన తప్పునకు బాధ్యుడు కనబడును. సభ చేసిన తప్పునకు బాధ్యులు కనబడరు. పంచాయతీ కార్యాలయము మొదలు పెద్ద కంపెనీల పాలకవర్గముల వఱకు నేడు ముఖ్యమైన వ్యవహారములన్నియు సమావేశములలోనే తేలుచుండగా, ఏ పద్ధతిలో కూర్చుండిన పదిమంది ఒక్కనికంటె మేలుగ నిర్ణయింతురు, ఏ పద్ధతిలో కూర్చుండిన ఒక్కనికంటె హీనముగ నిర్ణయింతురు అను ప్రశ్న కేవలము పండితుల వాదమునకు మాత్రమే సంబంధించినది కాదు. జీతగాండ్ర కష్టమును, ప్రజల ధనమును, ఒక్కొక్కయెడ మనుష్యుల ప్రాణములును దానిపై ఆధారపడియున్నవి.

ఒక మధ్యతరగతి వ్యాపారసంస్థలో సమావేశము జరుగుచున్నదని భావింతము. క్రొత్త గోదాము ఎక్కడ కట్టవలెనన్నది చర్చనీయాంశము. మేనేజరు గారు వచ్చి కూర్చుండి, “నాకైతే బైపాసు రోడ్డు పక్కన ఉన్న స్థలమే బాగుందనిపిస్తోంది. మీరంతా ఏమంటారో చెప్పండి” అందురు. ఆయన కుడిప్రక్కనున్న అకౌంట్సు అధికారి, “బాగానే ఉంటుంది సార్, రేటు కూడా మనకు అందుబాటులోనే ఉంది” అనును. తరువాతివారు “అవును సార్” అందురు. బల్ల చివర కూర్చున్న స్టోర్ కీపరుది ఆ ప్రక్క ఊరే. వానకాలమున ఆ స్థలములో మోకాలిలోతు నీరు నిలుచునని ఆయనకు తెలియును. లారీల వ్యవహారము చూచువానికి, పెద్ద బండ్లు ఆ మలుపులో తిరుగవని తెలియును. ఇరువురును ఒకరి ముఖమొకరు చూచుకొని ఊరకుందురు. “ఎవరికైనా అభ్యంతరం ఉందా?” అని అడుగుట, ఎవరును పలుకకపోవుట, “ఏకగ్రీవముగ తీర్మానించడమైనది” అని గుమాస్తా మినిట్సు పుస్తకములో వ్రాయుట ఒక్క నిమిషములో ముగియును. క్రిందికి దిగి టీ త్రాగునప్పుడు స్టోర్ కీపరు నోరు విప్పును: “అక్కడ నీళ్లు నిలుస్తాయండీ. కానీ సారే అన్నాక మనం అడ్డం చెప్తే ఏం బాగుంటుంది?” ఆ సభలో జ్ఞానము కొఱవడలేదు, ఉన్న జ్ఞానము నిర్ణయమువఱకు చేరుటకు దారి లేకపోయినది. ఈ వ్యాసమున సమీక్షింపబడు ప్రశ్న యొక్క సారమంతయు ఇదియే.

ఈ చిక్కును మన పూర్వులు ఎఱుగకపోలేదు. మైసూరు పండితుడు శామశాస్త్రి గారు 1909లో ముద్రించి లోకమునకు అందించిన కౌటిలీయ అర్థశాస్త్రమున, మంత్రాలోచనను గుఱించిన ప్రకరణము నేటి మేనేజరులు సైతము చదువదగినది. రాజు ముగ్గురితోగాని నలుగురితోగాని ఆలోచింపవలెనని కౌటిల్యుడు చెప్పెను. ఒక్కనితో ఆలోచించినచో కష్టమైన విషయము తేలదనియు, ఇరువురైనచో వారు కలిసి రాజును లొంగదీయవచ్చుననియు, మిక్కిలి మంది యైనచో నిశ్చయము కష్టమగుననియు ఆయన హేతువులు చూపెను. అంతకంటె విలువైనది మఱొక సూచన: మంత్రులను ఒక్కొక్కరిని విడిగను, అందఱిని కలిపియు అడుగవలెను, వారి అభిప్రాయ భేదములను కారణములతో కూడ తెలిసికొనవలెను. ఎవరిని తృణీకరింపరాదనియు, బాలుని మాటయైనను అర్థవంతమైనచో గ్రహింపవలెననియు ఆయన చెప్పినది నీతివాక్యమని తలచి దాటవేయదగదు. అది సభా నిర్వహణ సూత్రము.

రామాయణ యుద్ధకాండములో విభీషణ శరణాగతి సందర్భమున జరిగిన సభ ఈ సూత్రమునకు చక్కని ఉదాహరణము. శత్రువు తమ్ముడు శరణు కోరి వచ్చినప్పుడు సుగ్రీవుడు అతనిని శంకించెను. రాముడు తన అభిప్రాయమును వెంటనే వెల్లడింపక, తక్కిన వానర ప్రముఖులను చెప్పుమనెను. పరీక్షింపవలెనని అంగదుడును, చారులను నియోగింపవలెనని శరభుడును, వచ్చిన కాలమును దేశమును శంకింపదగినవని జాంబవంతుడును, మెల్లగా ప్రశ్నించి చూడవలెనని మైందుడును చెప్పిన పిదప, హనుమంతుడు ఆ మతములను ఒక్కొక్కటిగ పరిశీలించి, కారణములు చూపి విభేదించెను. రాముడు చివర పలికెను. నిర్ణయభారమును తానే వహించెను. దీనికి ఎదురుగ కురుసభను నిలిపి చూడుడు. ద్రౌపది అడిగిన ప్రశ్నకు పెద్దలు సూటిగ సమాధానము చెప్పలేకపోగా, వికర్ణుడొక్కడు లేచి న్యాయము పలికెను. కర్ణుడు అతని వాదమును వదలి అతని చిన్నతనమును ఎత్తిపొడిచెను. మాటను వదలి మాటాడినవాని వయస్సును, హోదాను పట్టుకొనుట ఆనాటితో అంతరించిన దురభ్యాసము కాదు.

బౌద్ధసంఘముల వినయ నియమములు ఇంకొక అడుగు ముందుకు వేసినవి. ప్రతిపాదనను సంఘము ముందుంచి, ముఖ్యమైన విషయములలో మూడుమార్లు ప్రకటించి, సమ్మతించువారు మౌనముగ ఉండవలెననియు, సమ్మతింపనివారు పలుకవలెననియు విధించినవి. వివాదము తెగనప్పుడు దానిని చిన్న సంఘమునకు అప్పగించుటయు, శలాకలు పంచి అధిక సంఖ్యాకుల అభిప్రాయము తెలిసికొనుటయు కలదు. ఆ శలాకాగ్రహణమును రహస్యముగను, చెవిలో చెప్పుటద్వారాను, బహిరంగముగను జరుపవచ్చును. మౌనమర్ధాంగీకారమని మనము తేలికగా అనుచుందుము. కాని మూడుమార్లు అడిగి, పలుకుట విధియని చెప్పి, పిదప మౌనమును అంగీకారముగ గ్రహించిన సంఘమునకును, ఒక్కమాఱు అడిగి గడియారము చూచుకొను మన అధ్యక్షులకును గల అంతరము చిన్నది కాదు.

ఆధునిక కాలమున ఈ ప్రశ్నను గణితముతో స్పృశించినవాడు ఫ్రెంచి పండితుడు కాండర్సె. 1785లో ఆయన ప్రకటించిన సిద్ధాంతము ప్రకారము, ప్రతి సభ్యుడును సగముకంటె ఎక్కువమార్లు సరిగ తేల్చగలవాడై, ఒకరినొకరు అనుకరింపక ఓటు వేసినచో, సభ్యుల సంఖ్య పెరిగినకొలది అధిక సంఖ్యాకుల తీర్పు సరియగు అవకాశము పెరుగును. నూటికి 60 మార్లు సరిగ చెప్పగలవారు ముగ్గురు చేరిన ఆ అవకాశము సుమారు 65కును, పదునొకండుగురు చేరిన 75కును హెచ్చును. అయితే ఈ సిద్ధాంతమునకు రెండవ వైపు కూడ కలదు: సభ్యులు సగముకంటె తక్కువమార్లు మాత్రమే సరిగ చెప్పగలవారైనచో, సంఖ్య పెరిగినకొలది తప్పే బలపడును. ఇంగ్లండులోని ప్లిమత్ పట్టణమున జరిగిన పశుప్రదర్శనలో, వధించి సిద్ధపఱచిన పిదప ఒక ఎద్దు బరువెంత ఉండునో ఊహించి జనులు చీట్లపై వ్రాసిరి; ఫ్రాన్సిస్ గాల్టన్ ఆ చీట్లలో 787 పరిశీలించి, వాని మధ్యమ విలువ 1207 పౌనులనియు, అసలు బరువు 1198 పౌనులనియు 1907లో ప్రకటించెను. నూటికి ఒకటికంటె తక్కువ భేదము! ఇది జనసామాన్యపు వివేకమునకు నిదర్శనమని పలువురు వ్రాయుదురు, నిజమే. కాని ఆ జనులు ఒకరి చీటి నొకరు చూడలేదు, వారిలో మేనేజరు గారు ముందుగ తన అంకెను ప్రకటింపలేదు అన్న సంగతి కూడ అంత ముఖ్యమైనదే.

ఆ స్వాతంత్ర్యము పోయినప్పుడు ఏమగునో 1950 దశకమున సాల్మన్ యాష్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు అమెరికాలో పరీక్షించి చూపెను. ఒక గీతకు సమానమైన గీత మూడింటిలో ఏదియో చెప్పుట పని. ఒంటరిగా ఉన్నప్పుడు అందులో పొరపడువారు దాదాపు లేరు. కాని ముందుగ ఏర్పాటు చేయబడిన సహచరులందఱును ఒకే తప్పు సమాధానము చెప్పగా, తరువాత చెప్పవలసినవాని సమాధానములలో సుమారు మూడవ వంతు ఆ తప్పునే అనుసరించినవి. నలుగురితో నారాయణా యనుట మన తెలుగువారి స్వభావము మాత్రమే కాదన్నమాట. అయితే యాష్ పరిశోధనలో మఱింత విలువైన ఫలితము వేఱొకటి కలదు: ఆ గుంపులో ఒక్కడు సరియైన సమాధానము చెప్పినంతనే, అనుకరణ దోషములు నాలుగవ వంతునకు పడిపోయినవి, ఆ ఒక్కడు చెప్పినది మఱొక తప్పే అయినను, తక్కినవాని నోరు కొంతవఱకు తెఱువబడినది. అనగా విభేదించినవాని మాట ఒప్పు కానక్కఱలేదు. విభేదించుట సాధ్యమని తెలియుటయే ఇతరులకు బలమిచ్చును.

భయము లేనిచోట సైతము జ్ఞానము మఱుగున పడిపోవచ్చునని 1985లో స్టాసర్, టైటస్ అను ఇరువురు పరిశోధకులు నిరూపించిరి. ముగ్గురు అభ్యర్థులలో ఉత్తముని ఎన్నుకొనుట విద్యార్థి బృందములకు ఇచ్చిన పని. సమాచారమంతయు అందఱికి ఇచ్చినప్పుడు అయిదింట నాలుగు వంతులకు మించిన బృందములు ఉత్తముని ఎన్నుకొన్నవి. అదే సమాచారమును ముక్కలుగ పంచి, ఒక్కొక్క విశేషము ఒక్కొక్కరికి మాత్రమే తెలియునట్లు చేసినప్పుడు, నాలుగవ వంతు బృందములు కూడ ఉత్తముని గుర్తింపలేకపోయినవి. కారణమేమన, సభలలో మనుష్యులు అందఱికి తెలిసిన సంగతినే మరల మరల మాటాడుకొని తృప్తిపడుదురు. తమకు మాత్రమే తెలిసిన దానిని చెప్పుటకు జంకుదురు, చెప్పినను వినువారు దానిని పట్టించుకొనరు. మఱొక ప్రమాదము మొస్కోవిచి, జావలోని అను పండితులు 1969లో ఫ్రాన్సులో గమనించినది: ఒకే మొగ్గు గలవారు చర్చించుకొన్నచో, ఆ మొగ్గు సమసిపోవుటకు బదులు ఇంకను తీవ్రమగును. ఇక కాలవ్యయము సంగతి బ్రిటిషు రచయిత పార్కిన్సన్ 1957లోనే చెప్పెను: అణువిద్యుత్ కేంద్రమును గుఱించిన పద్దు ఎవరికిని అర్థము కాదు కావున నిమిషములలో ఆమోదింపబడును, సైకిళ్ల షెడ్డు అందఱికి అర్థమగును కావున దానిపై ముప్పావుగంట గడచును.

ఈ దోషములన్నియు ఒక్కచోట చేరి ఏడుగురి ప్రాణములు తీసిన సమావేశమొకటి చరిత్రలో నమోదైయున్నది. 1986 జనవరి 27 రాత్రి, అమెరికా అంతరిక్ష నౌక ఛాలెంజర్ మరునాడు ఎగురవలసియుండగా, దాని ఘన ఇంధన రాకెట్లను తయారుచేసిన మార్టన్ థయకోల్ సంస్థ ఇంజనీర్లకును నాసా అధికారులకును టెలిఫోను ద్వారా సమావేశము జరిగినది. రాకెట్టు అతుకులలోని రబ్బరు వలయములు చలికి బిగిసి వాయువులను ఆపలేవని రోజర్ బోజొలి మొదలగు ఇంజనీర్లు వాదించిరి. అంతకుముందు ఎగిరిన అతి శీతల ప్రయోగము 53 డిగ్రీల ఫారన్‌హీటు వద్ద జరిగినది కావున, అంతకంటె చలిలో ఎగురవేయరాదని సంస్థ మొదట సిఫారసు చేసెను. నాసా అధికారులు అసంతృప్తిని దాచుకొనలేదు. అప్పుడు సంస్థవారు తమలో తాము ఆలోచించుకొందుమని అయిదు నిమిషముల విరామము కోరిరి. అది అరగంట సాగినది. ఆ అరగంటలో ఇరువురు ఇంజనీర్లు మరల పటములు పట్టుకొని వాదించి, వినువారు లేక కూర్చుండిరి. ఇంజనీరింగు ఉపాధ్యక్షునితో ఆయన పై అధికారి, ఇక ఇంజనీరు టోపీ తీసి యాజమాన్యపు టోపీ పెట్టుకొమ్మని అర్థము వచ్చునట్లు చెప్పెను. నలుగురు పై అధికారులు మాత్రమే నిర్ణయించిరి. ఇంజనీర్లను ఓటు అడుగలేదు. ఫోను మరల కలిసినప్పుడు సిఫారసు తలక్రిందులైనది. మరునాటి ఉదయము ఎగిరిన 73 సెకనులకు నౌక ఛిన్నాభిన్నమైనది.

విచారణ సంఘము పిదప తేల్చిన సంగతి మనకు మఱింత బోధ చేయును. ఆ రాత్రి బల్లపై పరచిన అంకెలు వలయములు దెబ్బతిన్న ప్రయోగములకు సంబంధించినవి మాత్రమే. దెబ్బతినని ప్రయోగములను కూడ లెక్కించియుండినచో, 65 డిగ్రీలకు లోబడిన నాలుగు ప్రయోగములలోను నష్టము కనబడినదనియు, అంతకు మించిన ఇరువది ప్రయోగములలో మూడింట మాత్రమే కనబడినదనియు స్పష్టమైయుండెడిది. అనగా ఇంజనీర్ల భయమునకు తగిన ఆధారము కాగితములలో ఉండెను, సభలో లేకపోయెను. అంతకంటె ఘోరమైన మార్పు మఱొకటి జరిగెను: మామూలుగ ఎగురుట క్షేమమని నిరూపింపవలసిన భారము ఎగురవేయువారిపై ఉండగా, ఆ రాత్రి ఎగురుట ప్రమాదమని నిరూపించు భారము కాదన్నవారిపై పడినది. పదునేడేండ్ల పిదప, 2003 ఫిబ్రవరి 1న, మన కల్పనా చావ్లాతోపాటు మఱి ఆఱుగురను బలిగొన్న కొలంబియా ప్రమాదములో కూడ ఇదే కథ పునరావృతమైనది. బయలుదేరునప్పుడు నురుగుముక్క రెక్కకు తగిలినది. కక్ష్యలోనున్న నౌకను ఫొటోలు తీయించి చూడవలెనని ఇంజనీర్లు కోరిరి. ఆ కోరిక పై మెట్ల వద్ద ఆగిపోయినది. పాఠము వ్రాసికొనుట వేఱు, పద్ధతి మార్చుకొనుట వేఱు అనుటకు ఇంతకంటె విషాదకరమైన సాక్ష్యము దొరకదు.

పద్ధతి మారినచో అవే బుద్ధులు వేఱు ఫలితము నిచ్చునా యను ప్రశ్నకు అమెరికా అధ్యక్షుడు కెనెడీ కాలము సమాధానమిచ్చుచున్నది. 1961 ఏప్రిలులో సుమారు 1400 మంది క్యూబా ప్రవాసులను బే ఆఫ్ పిగ్స్ తీరమున దింపిన దండయాత్ర మూడు దినములలో భగ్నమైనది. ఆర్థర్ ష్లెసింజర్ అను సలహాదారు దానిని వ్రాతపూర్వకముగ వ్యతిరేకించియు, సభలో గొంతెత్తక ఊరకున్నందుకు పిదప పశ్చాత్తాపపడెను. మరుసటి యేడు అక్టోబరులో సోవియట్ క్షిపణులు క్యూబాలో కనబడినప్పుడు, చాలవఱకు ఆ మనుష్యులే కూర్చుండిరి. కాని కెనెడీ కొన్ని సమావేశములకు తాను రాకుండెను, సభ్యులను చిన్న బృందములుగ విడదీసి ఒకరి ప్రతిపాదనను మఱొకరిచే పరీక్షింపజేసెను. మొదట విమానదాడివైపు మొగ్గిన సభ, చివరకు నౌకాదిగ్బంధమును ఎన్నుకొని, పదమూడు దినములలో యుద్ధము లేక గండము దాటెను. ఇర్వింగ్ జేనిస్ 1972లో ఈ రెండు ఘట్టములను ప్రక్కప్రక్కన నిలిపి, ఐకమత్య వ్యామోహము విమర్శశక్తిని చంపునని సిద్ధాంతీకరించెను. ఆయన సిద్ధాంతములోని ప్రతి అంశమును తరువాతి ప్రయోగములు సమర్థింపలేదు. అయినను మనుష్యులను మార్చక పద్ధతిని మార్చి మేలు పొందవచ్చునన్న మూలసూత్రము చెక్కుచెదరలేదు.

ఇక చికిత్సలను పరిశీలింతము. మొదటిది, మాటకు ముందు వ్రాత. ఆలోచనల పంటకు అందఱును కలిసి బిగ్గరగా పలుకవలెనని అలెక్స్ ఆస్బర్న్ 1953లో ప్రచారము చేయగా, ఏల్ విశ్వవిద్యాలయమువారు 1958లో పరీక్షించి, విడివిడిగ ఆలోచించి వ్రాసిన నలుగురి ఆలోచనలను కూడినచో, కలిసి కూర్చున్న నలుగురికంటె ఎక్కువ వచ్చుచున్నవని కనుగొనిరి. ఒకరు పలుకునప్పుడు తక్కినవారు తమ ఆలోచనను పట్టియుంచుకొని వేచియుండుటయే ప్రధాన కారణమని 1987లో జర్మను పరిశోధకులు తేల్చిరి. అందుచేత మొదట అయిదు నిమిషములు అందఱును మౌనముగ వ్రాసి, పిదప వరుసగ చదివి, ఆ మీదట చర్చించి, చివర రహస్యముగ మార్కులు వేయు పద్ధతి 1970 ప్రాంతమున రూపొందినది. అమెజాన్ సంస్థ 2004 నుండి స్లయిడుల ప్రదర్శన మాని, ఆఱు పుటల వివరణ పత్రమును సభారంభమున అందఱును మౌనముగ చదువు నియమము పెట్టుకొన్నది. మన హైదరాబాదు ఐటీ కంపెనీలలో వీడియో కాల్‌లో జరుగు సమావేశములకు ఇది ఇంకను సులభము: అభిప్రాయమును చాట్‌లో టైపుచేసి ఉంచుకొని, అధ్యక్షుడు చెప్పినప్పుడు అందఱును ఒక్కసారిగ పంపినచో, అనుకరణకు అవకాశమే ఉండదు.

రెండవది, పలుకు వరుస. చిన్న హోదావారు ముందు, పెద్ద హోదావారు చివర పలుకవలెను. ఎవరికి ఏ విషయము ప్రత్యేకముగ తెలియునో అధ్యక్షుడు ముందే అందఱికి ప్రకటించినచో, ఆ ప్రత్యేక జ్ఞానము చర్చలోనికి ఎక్కువగ వచ్చునని ప్రయోగములు చెప్పుచున్నవి. “అభ్యంతరం ఉందా?” అను ప్రశ్న తలుపు మూయును, “స్టోర్సు వైపు నుంచి చూస్తే దీంట్లో ఇబ్బంది ఏమిటండీ?” అను ప్రశ్న తలుపు తెఱచును. 2010లో వూలీ మొదలగువారు 699 మందిని చిన్న బృందములుగ పరీక్షించినప్పుడు, బృందము యొక్క సామర్థ్యము సభ్యుల తెలివితేటల సగటుపై అంతగ ఆధారపడక, పలుకు వంతులు సమముగ ఉండుటపైనను, ఎదుటివారి భావమును గ్రహించు శక్తిపైనను ఆధారపడినట్లు కనబడినది. ఈ ఫలితముపై ఇంకను వాదములున్నవి. అయినను ఒక్కరే గంటసేపు మాటాడు సభ మేలైనదని చెప్పిన పరిశోధన ఏదియు నా దృష్టికి రాలేదు.

మూడవది, కీడెంచి మేలెంచుట. కౌటిల్యుడు మంత్రమునకు చెప్పిన అయిదు అంగములలో వినిపాత ప్రతీకారము, అనగా రాబోవు ఆపదకు విరుగుడు, ఒకటి. గ్యారీ క్లైన్ 2007లో ప్రకటించిన పద్ధతి దానికి కార్యరూపము వంటిది: నిర్ణయము ఖాయమగుటకు ముందు, “ఏడాది గడిచింది, ఈ పని పూర్తిగా చెడిపోయింది, ఎందుకు చెడిందో రాయండి” అని అందఱిని అడుగుట. సందేహము చెప్పువాడు ద్రోహిగ కనబడక చతురుడుగ కనబడుటయే దానిలోని రహస్యము. కృత్రిమముగ ఒకరిని ప్రతివాదిగ నియమించుటకంటె, నిజముగ భిన్నాభిప్రాయము గలవారిని సభలో ఉంచుకొనుట ఎక్కువ ఫలించునని షార్లన్ నెమెత్ పరిశోధనలు సూచించినవి. మన రాజ్యాంగసభయే దీనికి ఉజ్జ్వల దృష్టాంతము. చిత్తుప్రతిపై 7635 సవరణలు వ్రాతమూలకముగ ప్రతిపాదింపబడగా, 2473 సవరణలను సభ చర్చించి తేల్చెను. 1949 నవంబరు 25న ముగింపు ప్రసంగమున అంబేడ్కరు, పార్టీ క్రమశిక్షణను లెక్కచేయక తమతో విభేదించిన కామత్, కె.టి. షా, కుంజ్రూ మొదలగువారిని పేరుపేరున తలచి, వారే లేకున్నచో సభ తలలూపువారి గుంపై యుండెడిదని కృతజ్ఞత ప్రకటించెను. తన చిత్తుప్రతిని విమర్శించినవారికి కృతజ్ఞత చెప్పగల అధ్యక్షులు ఎన్ని కార్యాలయములలో ఉన్నారో పాఠకులే చెప్పగలరు.

పద్ధతులు ఎంత మంచివైనను, నిజము పలికినవానికి కీడు జరుగునన్న భయమున్నచోట అవి కాగితములపైననే నిలిచిపోవును. ఎమీ ఎడ్మండ్‌సన్ అను పరిశోధకురాలు ఆసుపత్రులలో మందుల పొరపాట్లను లెక్కించినప్పుడు, మంచి నాయకత్వము గల వార్డులలోనే ఎక్కువ పొరపాట్లు నమోదగుటను 1996లో గమనించెను. అక్కడ పొరపాట్లు ఎక్కువ జరుగుటచేత కాదు, దాచక చెప్పుటచేత. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన శస్త్రచికిత్స సరిచూపు పట్టిక, కత్తిపెట్టుటకు ముందు గదిలోనివారందఱును తమ పేరు, పని చెప్పుకొనవలెనని నియమించినది. ఢిల్లీతో సహా ఎనిమిది నగరముల ఆసుపత్రులలో పరీక్షింపగా మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినట్లు 2009లో ప్రకటింపబడినది. కాని కెనడాలోని అంటారియో రాష్ట్రమున ప్రభుత్వాజ్ఞపై 101 ఆసుపత్రులలో అదే పట్టిక ప్రవేశపెట్టగా, చెప్పుకోదగిన మేలు కనబడలేదని 2014లో తేలినది. గళ్లలో టిక్కులు పెట్టుట వేఱు, నర్సు మాటకు సర్జను ఆగుట వేఱు.

నాలుగవది, అన్నిటికంటె ఎక్కువగ నిర్లక్ష్యము చేయబడునది, బాధ్యత. అందఱి మాట వినుట అనగా అందఱిపై భారము తోయుట కాదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటనుండి ఎస్.ఎల్.వి.-3 తొలి ప్రయోగము జరిగినప్పుడు, కంప్యూటరు ప్రయోగమును నిలిపివేసినను, ద్రవము కారినప్పటికి నిల్వ చాలునని నిపుణులు అభిప్రాయపడగా, తాను ముందుకు సాగుటకే నిర్ణయించితినని అబ్దుల్ కలాము గారు పలుమార్లు చెప్పియున్నారు. రెండవ దశ అదుపు తప్పి రాకెట్టు బంగాళాఖాతములో కూలినది. ఆనాడు ఇస్రో అధ్యక్షుడు సతీశ్ ధవన్ పత్రికలవారి ముందు వైఫల్యభారమును తనపై వేసికొని, తన శాస్త్రజ్ఞులపై విశ్వాసము ప్రకటించెను. 1980 జులై 18న ప్రయోగము ఫలించినప్పుడు విలేఖరుల ముందుకు కలామును పంపెను. నేడు ఇస్రోలో ప్రతి ప్రయోగమునకు ముందు సంసిద్ధతా సమీక్షయు, అనుమతి మండలి సమావేశమును జరుగుచున్నవి. అటువంటి సమీక్షలు ఫలింపవలెనన్నచో ధవన్ చూపినట్టి ఔదార్యము కావలెను. శిక్ష తప్పదన్న చోట సమీక్షలో ఎవడును లోపము చూపడు.

ఇంత తంతు నడుపుటకు తీరిక ఎక్కడిదని కొందఱు ఆక్షేపింతురు. ప్రతి చిన్న విషయమునకును ఇది అక్కఱలేదన్నది సత్యమే. వెనుకకు తీసికొనగల నిర్ణయమును ఒక్కరే వెంటనే చేయుట మేలు. అగ్నిప్రమాదమున సభలు జరుపరాదు. రహస్యము అవసరమైనచోట సభ్యులు తక్కువ ఉండవలెను. కాని గోదాము, యంత్రము, ఉద్యోగ నియామకము, పెద్ద రుణము వంటి తిరిగి మార్చుకొనలేని నిర్ణయములకు వెచ్చించిన అదనపు అరగంట, చేతులు కాలిన తరువాత ఆకులకొఱకు వెదకు సంవత్సరముల కాలమును మిగుల్చును. పెద్దలయెడ మర్యాదకు ఇది భంగమని మఱికొందఱందురు. మన మర్యాద పలుకు తీరులో ఉండవలెనే గాని, పలుకు మానుటలో కాదు. “సార్, నాకు తెలిసిన సంగతి ఒకటి తమ ముందు పెడతాను” అన్న మాటలో అవిధేయత ఎక్కడిది?

ఇంతవఱకు చూచినదానినుండి తేలు తీర్పు ఇది: ఒంటరిగ ఆలోచించి, కలిసి వాదించి, ఒకరు బాధ్యత వహించి నిర్ణయించు సభయే మంచి సభ, ఈ మూడింటి వరుస తారుమారైనచో ఎంతటి మేధావులైనను మోసపోవుదురు. సమావేశములకు అధ్యక్షత వహించు తెలుగు అధికారులకును, మేనేజరులకును, సంఘాధ్యక్షులకును నా విన్నపము స్వల్పమైనది. తదుపరి ముఖ్య సమావేశమున మీ అభిప్రాయమును చివరివఱకు చెప్పకుడు. మొదట అందఱికి తలా ఒక కాగితమిచ్చి వ్రాయుమనుడు. బల్ల చివర కూర్చున్నవానిని ముందుగ, పేరు పెట్టి పిలిచి అడుగుడు. కాదన్నవాని మాటను మినిట్సులో వ్రాయించి, సభ ముందే అతనికి కృతజ్ఞత చెప్పుడు. నిర్ణయము చేసిన కారణములను, దానిని మరల సమీక్షింపవలసిన తేదీని కూడ ఆ పుస్తకములోనే వ్రాయించి, ఆ తేదీనాడు తప్పక తెఱచి చూడుడు. ఇందులో ఖర్చు లేదు, ప్రభుత్వ ఉత్తర్వు అక్కఱలేదు. అధ్యక్షుని సంకల్పమొక్కటియే చాలును.